తల్లి పేరు – పిలుపా? పరీక్షా?

దేశానికి పేరు ఒకటి ఉంటుంది, పిలుపు ఇంకొకటి ఉంటుంది. పేరు రాజ్యాంగంలో రాసి ఉంటుంది, పాస్‌పోర్టు మీద అచ్చయి ఉంటుంది. పిలుపు జనం నోట్లో ఉంటుంది. బడి రిజిస్టరులో పిల్లకు ఒక పేరుంటే వాకిట్లో నిలబడి అవ్వ పిలిచే పేరు వేరే ఉంటుంది కదా, ఇదీ అట్లాంటిదే. 'భారతదేశం' పేరు. 'తల్లి' పిలుపు. ఆ పిలుపు రాజ్యాంగం పెట్టింది కాదు. జనం పెట్టుకున్నది. ముద్దుపేరు.

ముద్దుపేరుతో పిలవమని ఎవరైనా ఎవరినైనా ఆజ్ఞాపించగలరా? ఆజ్ఞాపిస్తే అది ఇంకా ముద్దుపేరేనా? మేము చర్చించదలుచుకున్నది ఈ రెండు ప్రశ్నలనే.

ఈ ప్రశ్నలు మాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఆర్మూర్ లాంటి పట్నంలో పసుపు బస్తాల మధ్య, బీడీ చాటల మధ్య, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుల మీద బతికే ముస్లింలకు ఇవి బడి మైదానంలో, బస్టాండులో, ఊరేగింపు వచ్చి మసీదు ముందర ఆగినప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు. 'భారత్ మాతా కీ' అని ఒక గొంతు లేస్తుంది. తర్వాతి మాట కోసం అందరి కళ్లు మా నోళ్ల వైపు తిరుగుతాయి. అనకపోతే దేశద్రోహి. మెల్లగా అంటే 'గట్టిగా అను' అంటారు. గట్టిగా అంటే 'భయపడి అంటున్నడు' అని నవ్వుతారు. ఎట్లా రాసినా తప్పే పరీక్ష ఇది. పరీక్ష పెట్టేవాళ్లకు మా జవాబుతో పనిలేదు. పరీక్షకు కూర్చోవాల్సింది మేమేనని ప్రతిసారీ గుర్తు చేయడమే పని.

కాబట్టి ముందు ఈ పిలుపు ఎక్కడ పుట్టిందో చూద్దాం.

భూమిని తల్లి అనడం చాలా పాతది. అధర్వణవేదంలో భూమిసూక్తం ఉంది. కాని భూమి వేరు, దేశం వేరు. భూమికి సరిహద్దులుండవు. సరిహద్దులున్న దేశానికి ఒక స్త్రీ రూపం ఇచ్చి, ఆమెకు 'భారతమాత' అని పేరు పెట్టడం మొన్నమొన్నటి సంగతి. అది పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్‌లో జరిగింది. 1873లో కిరణ్‌చంద్ర బందోపాధ్యాయ 'భారత్‌మాత' అనే నాటకం రాశాడు. 1882లో బంకించంద్రుడి 'ఆనందమఠ్' పుస్తకంగా వచ్చింది. 'వందేమాతరం' పాట ఆ నవలలో భాగమైంది. ఆ కథలో సన్యాసులు తిరగబడేది ముస్లిం పాలకుల మీద. పాట మొదటి చరణాల్లో తల్లి పంటపొలాల తల్లి. తర్వాతి చరణాల్లో ఆమె దుర్గ అవుతుంది. అందుకే 1937లో కాంగ్రెసు కార్యవర్గం సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. అంటే ఈ పాట గురించి ముస్లింలకున్న ఇబ్బందిని జాతీయోద్యమ నాయకులు ఆనాడే వినిపించుకున్నారు. 'ఇబ్బంది పడుతున్నావంటే నువ్వు ద్రోహివి' అని వాళ్లు అనలేదు.

1905లో బెంగాల్ విభజన రోజుల్లో అబనీంద్రనాథ్ ఠాగూర్ ఒక బొమ్మ గీశాడు. మొదట ఆమె 'బంగమాత', బెంగాలీల తల్లి. తర్వాత 'భారతమాత' అయింది. కాషాయచీర కట్టిన ఆ స్త్రీకి నాలుగు చేతులు. నాలుగు చేతుల్లో ఏమున్నాయో చూడండి. వరికంకులు, తెల్లబట్ట, పుస్తకం, జపమాల. తిండి, బట్ట, చదువు, మనశ్శాంతి. ఒక్క చేతిలోనూ ఆయుధం లేదు. తల్లి బిడ్డలకు ఏమివ్వాలో ఆ చిత్రకారుడు గీశాడు. బిడ్డలు తల్లికి ఏ నినాదమివ్వాలో గీయలేదు.

తర్వాత క్యాలెండర్ల మీద ఆమె పక్కకు సింహం వచ్చింది. చేతిలోకి జెండానో త్రిశూలమో వచ్చింది. వెనకాల దేశపటం వచ్చింది. కంకులు జారిపోయాయి, పుస్తకం జారిపోయింది. ఇచ్చే చేతులు అదిలించే చేతులయ్యాయి. మా గొడవంతా ఈ మార్పుతోనే గాని తల్లితో కాదు.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు కూడా కాదు. అమెరికావాళ్ల 'అంకుల్ శామ్' సంగతి చూడండి. 1812 యుద్ధకాలంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్నంలో శామ్యూల్ విల్సన్ అనే మాంసం వ్యాపారి ఉండేవాడు. సైన్యానికి పంపే పీపాల మీద 'యు.ఎస్.' అని ముద్ర వేసేవాళ్లు. అది సంయుక్త రాష్ట్రాల ముద్ర అయితే, జనం దాన్ని 'శామ్ మామ' అని చదివి నవ్వుకున్నారని కథ. 1961లో అమెరికన్ కాంగ్రెసు కూడా ఆ విల్సన్‌నే ఈ పేరుకు మూలపురుషుడిగా గుర్తించింది. మాంసం పీపాల దగ్గర వేళాకోళంగా పుట్టిన పేరు మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఏమైంది? 1917 పోస్టర్లో అదే మామ గడ్డం, టోపీ పెట్టుకుని, వేలు చూపించి పడుచువాళ్లను యుద్ధానికి రమ్మంటున్నాడు. నవ్వులోంచి పుట్టిన మామ వేలు చూపించే మామయ్యాడు.

ఫ్రాన్సు దేశపు 'మరియాన్' కూడా అంతే. మరీ, ఆన్ అనే రెండు పేర్ల కలయిక అది. పల్లెటూళ్లలో, పనివాళ్లలో ఇంటికొకటి వినపడే మామూలు ఆడపిల్ల పేరు. 1792లో రాజరికం పోయి గణతంత్రం వచ్చినప్పుడు ఆ రాజ్యానికి రాణి పేరు పెట్టలేదు, పనిపిల్ల పేరు వచ్చింది. అందులో గొప్పదనం ఉంది. కాని అదే మరియాన్‌ను 2016 ఆగస్టులో ఆ దేశ ప్రధాని మాన్యుయెల్ వాల్స్ దేనికి వాడుకున్నాడు? ముస్లిం స్త్రీల బట్టల మీద రగడ జరుగుతుంటే, మరియాన్ రొమ్ము కప్పుకోలేదు, ఆమె స్వేచ్ఛాజీవి కాబట్టి తలకు ముసుగు లేదు అని సభలో చెప్పాడు. పనిపిల్ల పేరు చివరికి పనిచేసుకునే ముస్లిం ఆడవాళ్లను కొలిచే బద్ద అయింది.

అన్ని చోట్లా ఒకటే దారి కనిపిస్తుంది. ముద్దుపేరు కింద పుడుతుంది. నవ్వులో, పొలంలో, వంటింట్లో పుడుతుంది. పైకి పోయి కుర్చీలో కూర్చున్నాక కిందివాళ్లను పరీక్షించడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు మన తెలుగు తల్లుల దగ్గరికి వద్దాం. శంకరంబాడి సుందరాచారి 1942లో 'దీనబంధు' సినిమా కోసం తెలుగు తల్లి మీద పాట రాశాడు. టంగుటూరి సూర్యకుమారి పాడింది. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ఏడు అది రాష్ట్ర గీతమైంది. తెలుగు తల్లి చేతుల్లో పూర్ణకుంభం, పంట కంకులు ఉంటాయి. తెలంగాణవాళ్లు ఆ తల్లిలో తమ పోలిక కనిపించలేదన్నారు. మా భాష, మా పండుగ, మా జొన్నకంకి ఏవని అడిగారు. 2001 తర్వాత ఉద్యమంలో తెలంగాణ తల్లి వచ్చింది. ఒక చేతిలో బతుకమ్మ, ఒక చేతిలో మక్కకంకి. చౌరస్తాల్లో విగ్రహాలు లేచాయి. 2024 డిసెంబరు 9న సెక్రటేరియట్‌లో కొత్త తెలంగాణ తల్లి వచ్చింది. ఆకుపచ్చ చీర, కిరీటం లేదు, బతుకమ్మ లేదు. ఒక చేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు, ఇంకో చేయి అభయం. బతుకమ్మ ఏదని ఒక పార్టీ, కిరీటం పెట్టుకున్న తల్లి మా అవ్వలాగ ఎట్లా ఉంటుందని ఇంకో పార్టీ.

ఈ కొట్లాటలో మాకు ఒక సంతోషం కూడా ఉంది. తల్లి రూపం దేవుడు గీసింది కాదని, మనుషులు గీసిందని, నచ్చకపోతే దిద్దుకోవచ్చని అందరూ ఒప్పుకున్నట్టయింది. తెలుగు తల్లికి దండ వేయనన్న తెలంగాణ మనిషిని తెలుగు ద్రోహి అన్నవాళ్లున్నారు. అతను ఒప్పుకోలేదు. 'ఆమెలో నేను కనపడట్లేదు, అందుకే' అన్నాడు. ఆ మాట న్యాయమైనదని రాష్ట్రం సాధించుకున్నారు. మరి అదే మాట ఒక ముస్లిం భారతమాత బొమ్మ గురించి అంటే ఎందుకు నేరమవుతుంది? తెలంగాణ మిత్రులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

తెలుగులో ఇంకో తల్లి ఉంది. ఆమెకు విగ్రహం లేదు. ఆమె ఆంధ్రమాత. అంటే గోంగూర! కోస్తావాళ్లు అన్నంలో కలుపుకుంటూ, లొట్టలేస్తూ పెట్టుకున్న పేరది. మా నిజామాబాదు జిల్లాలో అది పుంటికూర. మా ముస్లిం ఇళ్లలో అది అంబాడా. మాంసంలో వేసి వండితే అంబాడా గోష్. ఒకటే ఆకు, ఒకటే పులుపు, మూడు పేర్లు. గోంగూరను ఆంధ్రమాత అనలేదని ఎవరి ఇంటి మీదా ఎవరూ రాళ్లు వేయలేదు. పుంటికూర అన్నవాడికి దాని రుచి తెలియదని ఎవరూ అనలేదు. ముద్దుపేరంటే ఇది. పిలిచేవాడి నాలుకకు దాని రుచి తెలియాలి. ఏ పేరుతో పిలిచాడన్నది వాడి వంటిల్లు చెబుతుంది.

ఇక మా వంటింటి సంగతి. దేశాన్ని తల్లి అనడం ముస్లింలకు చేదు అని ఒక ప్రచారం ఉంది. మావాళ్లలో కొందరు కూడా దాన్ని నమ్ముతారు. ఇది నిజం కాదు. అరబ్బీలో తల్లిని 'ఉమ్మ్' అంటారు. మక్కా నగరానికి 'ఉమ్ముల్ ఖురా' అని పేరు, ఊళ్లన్నిటికీ తల్లి అని. ఖురాన్ మొదటి అధ్యాయానికి 'ఉమ్ముల్ కితాబ్' అని ఇంకో పేరు, గ్రంథానికి తల్లి అని. ఊరినీ పుస్తకాన్నీ తల్లి అనగలిగిన భాష మా ప్రార్థన భాష. ఈజిప్టువాళ్లు తమ దేశాన్ని 'ఉమ్ముద్దున్యా' అంటారు, లోకానికే తల్లి అని. 1928లో కైరోలో మహమూద్ ముఖ్తార్ చెక్కిన విగ్రహాన్ని నిలబెట్టారు. దాని పేరు 'ఈజిప్టు మేల్కొలుపు'. అందులో ఉన్నది మేలిముసుగు తొలగిస్తున్న ఒక పల్లెటూరి రైతు స్త్రీ. ఇరాన్‌లో వందేళ్ల కిందటి రాజ్యాంగ ఉద్యమంలో పత్రికలన్నీ 'మాదరె వతన్' అని, మాతృదేశమని రాశాయి. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువమంది ముస్లింలున్న ఇండోనేసియా తన దేశాన్ని 'ఇబు పర్తివి' అంటుంది. ఇబు అంటే అమ్మ. పర్తివి అంటే మన పృథ్వి! బంగ్లాదేశ్ జాతీయగీతం రవీంద్రుడు 1905లో రాసింది. అందులో నేలను అమ్మా అనే పిలుస్తారు. కోట్లమంది ముస్లిం పిల్లలు రోజూ బళ్లలో అది పాడుతున్నారు. వాళ్ల ఈమాను ఏమీ చెడలేదు.

ఉర్దూ కవిత్వానికి మాత్రం ఇంకో అలవాటుంది. 1904లో ఇక్బాల్ రాసిన తరానాలో దేశం తల్లి కాదు, తోట. ఉర్దూ కవికి ప్రేమించిందల్లా చమన్‌లాగే కనబడుతుంది. బెంగాలీ కవికి తల్లిలాగ కనబడింది. ఏ భాష అలవాటు ఆ భాషది. తోట అన్నవాడి ప్రేమ తల్లి అన్నవాడి ప్రేమ కన్నా ఎందులో తక్కువ?

తెలంగాణ ముస్లింకు ఇంకా దగ్గరి మాటలున్నాయి. 'వతన్' మా ఇళ్లలో రోజూ వినపడే మాట. దుబాయిలో పనిచేసే పిల్లవాడు ఆర్మూర్‌ను వతన్ అనే అంటాడు. 2004లో ముస్లిం కథల సంకలనానికి స్కైబాబ 'వతన్' అని పేరు పెట్టింది ఊరికే కాదు. 'ముల్క్' ఇంకో మాట. 1952లో హైదరాబాదు వీధుల్లో హిందూ విద్యార్థులూ ముస్లిం విద్యార్థులూ కలిసి 'ముల్కీ' అని తమను తాము పిలుచుకున్నారు. తెలంగాణ అస్తిత్వం మొదట నోరు తెరిచినప్పుడు ఉచ్చరించిన మాట ఉర్దూ మాటేనని ఇవాళ ఎంతమందికి గుర్తుంది? 'జై హింద్' అనే నినాదం ఇచ్చాడని పేరున్నది కూడా మన హైదరాబాదు మనిషికే. సుభాష్ చంద్రబోసు వెంట ఉన్న ఆబిద్ హసన్ సఫ్రానీకి.

ఇంకొక సంగతి. 'మదర్ ఇండియా' అనగానే ఈ దేశంలో ముసలివాళ్లకూ పిల్లలకూ ఒకటే ముఖం గుర్తుకొస్తుంది. 1957 సినిమాలో నాగలి మోస్తున్న నర్గీస్ ముఖం. నర్గీస్ అసలు పేరు ఫాతిమా రషీద్. తీసింది మెహబూబ్ ఖాన్. అంతకు ముప్పయ్యేళ్ల ముందు కేథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి ఈ దేశాన్ని కించపరుస్తూ 'మదర్ ఇండియా' అని పుస్తకం రాస్తే, అదే పేరుతో సినిమా తీసి జవాబు చెప్పాడు ఆయన. ఆయన తల్లికి నాలుగు చేతుల్లేవు, సింహం లేదు. రెండు చేతులున్నాయి, వాటి నిండా బురద ఉంది, నెత్తిన షావుకారు అప్పుంది. దేశానికి తల్లి ముఖం ఇచ్చినవాళ్లను పట్టుకుని 'తల్లిని ఒప్పుకుంటావా లేదా' అని అడగడం ఎంత విడ్డూరం!

మరి పేచీ ఎక్కడ ఉంది? ఉర్దూలో మూడు మాటలున్నాయి. ఇబాదత్, ముహబ్బత్, ఖిద్మత్. ఆరాధన, ప్రేమ, సేవ. ఇబాదత్ అల్లాకు ఒక్కడికే. ముహబ్బత్ తల్లికి, బిడ్డకు, ఊరికి, దేశానికి. ఖిద్మత్ అందరికీ. తల్లి పాదాల కింద స్వర్గముందని నమ్మే మతం మాది. అయినా కన్నతల్లికి కూడా సజ్దా చేయం. ఇది తల్లిని తక్కువ చేయడం కాదు. తల్లిని తల్లిగా, దేవుణ్ణి దేవుడిగా ఉంచడం. తెలుగులో కూడా మాటల్లో ఈ తేడా ఉంది. 'మాత' అన్నప్పుడు చేతులు జోడించాలనిపిస్తుంది. గోమాత, దుర్గామాత. 'తల్లి' అన్నప్పుడు అట్లా కాదు. మైసమ్మ తల్లీ తల్లే, ఒళ్లో కూర్చున్న నాలుగేళ్ల బిడ్డను 'నా తల్లి కదూ' అని బతిమాలితే ఆమే తల్లే. 'అమ్మ' అంటే అన్నం. దేశాన్ని మాత అనేవాళ్లు అననీ. మా పొరుగాయన పొద్దున్నే లేచి దేశాన్ని దేవతగా మొక్కుకుంటే అది ఆయన ముహబ్బత్, ఆయన ఇబాదత్ కూడా. మాకు అందులో ఏ ఇబ్బందీ లేదు. ఆయన మా నోట్లో వేలు పెట్టి మాట తీయడానికి వచ్చినప్పుడే ఇబ్బంది.

ఇక్కడ మేము నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. నోరు మూయించడం కూడా బలవంతమే. 1938లో నిజాం రాజ్యంలో ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్లలో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడితే అధికారులు వద్దన్నారు. వినకపోతే వెళ్లగొట్టారు. చాలామంది నాగపూర్ పోయి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. ఆ నిషేధం తప్పు. పాలకుడు ముస్లిం అయినంత మాత్రాన ఆ తప్పును మేము మోయం, దాచం కూడా. పాడొద్దని ఆనాడు అన్నదీ, పాడి తీరాలని ఈనాడు అంటున్నదీ ఒకటే అధికారం. తల్లిని పిలిచే నోటికి తాళం వేసే హక్కు ఎవరికీ లేదు. ఆ నోటిని పెకిలించే హక్కు కూడా ఎవరికీ లేదు.

2016 మార్చిలో దేశమంతా ఇదే గొడవ. ఆ నినాదం అననన్నాడని మహారాష్ట్ర శాసనసభలో ఒక ముస్లిం సభ్యుణ్ణి సస్పెండ్ చేశారు. అదే నెలలో రాజ్యసభలో జావేద్ అఖ్తర్ ఆ నినాదం తన హక్కు అని చెప్పి, నిండు సభలో పలికాడు. ఇద్దరూ ముస్లింలే. ఒకరు ద్రోహి అయ్యారు, ఇంకొకరు మంచి ముస్లిం అయ్యారు. మాకు ఇద్దరి మీదా కోపం లేదు. పిలవడం ఒకరి హక్కు అయితే పిలవకపోవడం ఇంకొకరి హక్కు. మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అని మార్కులు వేసే ఆ చేతి మీదే మా కోపం.

ఈ విషయంలో మన న్యాయస్థానం ఎప్పుడో దారి చూపించింది. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడేవాళ్లు, కాని పాడేవాళ్లు కాదు. వాళ్లను బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. నిలబడి మౌనంగా ఉండడం అవమానం కాదని చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగుగడ్డ మీద పుట్టిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. సెక్యులరిజం గురించి తెలుగులో పుట్టిన మంచి మాటల్లో దాన్ని కూడా లెక్కించుకోవాలి మనం.

మా వాడకట్టులో బీడీలు చేసే ఒకామె ఉంది. ఒక ఆగస్టు పదిహేను నాడు ఆమె కొడుకు బడి నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. తోటిపిల్లలు చుట్టూ చేరి అనమన్నారట. వీడు అనలేదట, అనకూడదని కాదు, అట్లా చుట్టూ చేరితే నోరు రాలేదట. 'అమ్మీ, అంటే పాపమా? అనకుంటే తప్పా?' అని అడిగాడు. ఆమె చాటలో తునికాకు కత్తిరిస్తూనే జవాబిచ్చింది. 'మేరెకు కబ్ జై బోల్యా రే తూ? భూక్ లగే తో అమ్మీ బోల్కే ఆతా నై?' నాకెప్పుడన్నా జై కొట్టినవారా నువ్వు? ఆకలైతే అమ్మీ అని వస్తవు, అంతే కద.

ఈ సమస్య మీద మేము చదివిన వ్యాసాల్లో ఏదీ ఆ మాటంత సూటిగా లేదు. తల్లికి బిడ్డ జై కొట్టడు. ఆకలైతే వస్తాడు, దెబ్బ తగిలితే వస్తాడు, అలిగితే రాడు. ఏ తల్లీ వాకిట్లో నిలబెట్టి 'నేను తల్లినని పదిమందిలో అరువు, అప్పుడే బువ్వ' అనదు. అట్లా అనేది సవతితల్లి అని మన కథలన్నీ చెబుతాయి.

మా సెక్యులర్ మిత్రులు కొందరు 'అదెంత మాట, రెండు ముక్కలు అనేస్తే పోలేదా, ఎందుకీ రగడ' అంటారు. వాళ్ల మంచితనం మాకు తెలుసు. కాని ఆ సలహాలో ఒక పొరపాటుంది. ఆ రెండు ముక్కలు వాళ్లను ఎవరూ అడగరు. అడగకుండా అన్న మాటకూ, అడిగితే అన్న మాటకూ తేడా వాళ్ల అనుభవంలో లేదు. పన్నులాగ కట్టించుకున్న ప్రేమ ఖజానాకు చేరుతుంది, తల్లికి చేరదు. ఇవాళ కట్టినవాణ్ణి రేపు మళ్లీ అడుగుతారు. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవాలకు ఎ.ఆర్. రెహమాన్ 'వందేమాతరం' పేరుతోనే ఆల్బం తెచ్చి, తల్లికి ఉర్దూలో సలాం చెప్పాడు. దేశమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. ఎవరూ అడగలేదు కాబట్టే ఆ సలాం అంత దూరం వినపడింది.

మావాళ్లకూ ఒక మాట. ఎవరో బలవంతం చేస్తున్నారని మనం ఈ నేలతో బంధాన్నే తక్కువ చేసి మాట్లాడితే వాళ్లు గెలిచినట్టు. నీళ్లు లేనిచోట ఈ మట్టితోనే తయమ్ముం చేసి నమాజుకు నిలబడతాం. రోజుకు ఐదుసార్లు నుదురు ఆనేది ఈ నేల మీదే. చివరికి పండుకునేదీ ఇందులోనే. ఇంత దగ్గరి దానికి మన భాషలో మన పిలుపు ఉండాలి. మాదరె వతన్ అనండి, వతన్ అనండి, ముల్క్ అనండి, అమ్మీ అనండి. వాళ్ల పిలుపును తిరస్కరించి ఊరుకోవద్దు. మన పిలుపును వినిపించాలి.

జవహర్‌లాల్ నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా'లో ఒక సంగతి రాశాడు. సభల్లో రైతులు భారతమాతకు జై కొడుతుంటే ఆయన ఆ మాతంటే ఎవరని అడిగేవాడు. ఒక రైతు ఈ ధరిత్రి అన్నాడు. ఏ ధరిత్రి, మీ ఊరిదా, జిల్లాదా, దేశానిదా అని ఆయన మళ్లీ అడిగేవాడు. చివరికి, కొండలూ నదులే కాదు, ఈ దేశంలోని కోట్ల జనమే భారతమాత, మీరంతా అందులో భాగం అని చెప్పేవాడు. 1936లో కాశీలో గాంధీజీ ప్రారంభించిన భారతమాత గుడిలో కూడా విగ్రహం లేదు. పాలరాతిలో చెక్కిన దేశపటం ఉంది. ఈ అర్థం తీసుకుంటే బీడీలు చేసే ఆ ఖాలా కూడా భారతమాతలో భాగమే. తల్లిలో భాగాన్నే పట్టుకుని 'తల్లికి జై అంటావా అనవా' అని నిలదీయడం ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

మా ప్రాంతంలో పసుపు తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో పెడితే ఎండాకాలం ముందు తవ్వుతారు. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాదు యార్డుకు పంపుతారు. ఆ పసుపే గడపకు రాస్తారు. ఆ పసుపే మా పెళ్లిళ్లలో మాంఝా నాడు పెళ్లికూతురికి పూస్తారు. పసుపు కొమ్ముకు ఏ పూత ఎవరిదో తెలియదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపుకు ధర కావాలని, బోర్డు కావాలని నిజామాబాదు స్థానంలో 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. ఆ రైతులు తల్లికి జై కొట్టలేదు, తల్లిని తిట్టలేదు. 'తల్లీ, నీ చేతిలో మాకేముంది?' అని అడిగారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. అడిగిన బిడ్డకు ఇచ్చింది కాబట్టి ఆ రోజు ఆమె తల్లి.

ఆ ప్రశ్న అడిగే హక్కే మాకూ కావాలి. అబనీంద్రుడి బొమ్మలో నాలుగు చేతుల్లో తిండి, బట్ట, చదువు, శాంతి ఉన్నాయి కదా. ఆ నాలుగింటిలో మా వాటా ఎంత? మా బడుల్లో పంతులు ఉన్నాడా? మా బీడీ చాటల దగ్గర కూలి గిట్టుతున్నదా? మా వాడలకు బ్యాంకు అప్పిస్తున్నదా? మా పిల్లవాడు రాత్రిపూట భయం లేకుండా బస్టాండు నుంచి ఇంటికి రాగలడా? తల్లి గురించి పరీక్ష పెట్టాలంటే ఈ ప్రశ్నలతో పెట్టండి. ఆ పరీక్షకు అందరం కలిసి కూర్చుందాం, ఏలేవాళ్లు కూడా కూర్చోవాలి.

రెండు భాషల్లో బతికేవాళ్లం కాబట్టి చివరిగా ఒక భాష సంగతి. ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో దానికి రెండు మాటలు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మనం', బయట పెడితే 'మేము'. తల్లి అనేది 'మనం' అన్నప్పుడే పుట్టే పిలుపు. 'మా తల్లికి జై కొడతారా లేదా' అని ఎవరు అడిగినా ఆ క్షణం ఆమె వాళ్ల తల్లి మాత్రమే అవుతుంది, మేము పరాయివాళ్లమవుతాం. ఈ వ్యాసమంతా మేము 'మేము' అనే రాయాల్సి వచ్చింది. అది మా ఇష్టంతో ఎంచుకున్న మాట కాదు. 'మనం' అని రాయగలిగే రోజు రావాలంటే మా గొంతులు ఇంకా గట్టిగా అరవాల్సిన పని లేదు. అడగడం ఆగాలి. అది ఆగిన రోజున తల్లిని ఎవరి ఇంట్లో ఏమని పిలుస్తున్నారో మెల్లగా వినపడుతుంది.